గెర్ట్రూడ్ ఎలియన్ – కిడ్నీకీ ఊపిరికీ నడుమ

కిడ్నీ మార్పిడి అనగానే మనలో చాలామంది కళ్ళకు ఆపరేషన్ థియేటరు, మూతికి గుడ్డ కట్టుకున్న సర్జను కనిపిస్తారు. ఒకరి శరీరంలోంచి తీసిన అవయవాన్ని ఇంకొకరి శరీరంలో కుట్టడం సామాన్యమైన పని కాదు, ఒప్పుకుంటాను. కాని రక్తనాళాలను కుట్టే విద్య ఇరవయ్యవ శతాబ్దం మొదట్లోనే సర్జన్లకు పట్టుబడింది. పట్టుబడనిది వేరే ఉంది. కుట్టిన కిడ్నీని శరీరం పరాయిదని గుర్తుపట్టి కొద్ది రోజుల్లో, మహా అయితే కొద్ది వారాల్లో, నాశనం చేసేది. ఆ గండం గట్టెక్కించినది కత్తి కాదు, లేత పసుపురంగు మాత్ర ఒకటి. ఆ మాత్రను ప్రపంచానికి ఇచ్చిన ఇద్దరిలో ఒకరు గెర్ట్రూడ్ బెల్ ఎలియన్. డాక్టరు కాదు. పిహెచ్.డి. కూడా పూర్తి చెయ్యలేదు. మనలాగే బి.యస్సీ. కెమిస్ట్రీ చదివి, ఉద్యోగం కోసం తిరిగి తిరిగి చెప్పులరగదీసుకున్న మనిషి.

ఆమెను పొగడడం ఒక్కటే నా ఉద్దేశం కాదు. పొగడ్తలు నోబెల్ బహుమతి నాడే చాలా అయినాయి. ఆమె మందు కిడ్నీని నిలబెట్టింది. అదే మందు ఊపిరితిత్తులకు కాపలా తీసేసింది. ఈ రెండో సంగతి ఆమె జీవితచరిత్రల్లో ఓ మూలకు నెట్టబడి ఉంటుంది. నాకు మాత్రం ఆ రెండూ కలిపి చూస్తేనే ఆమె చేసిన పని బరువు తెలుస్తుందనిపిస్తుంది.

ఎలియన్ 1918 జనవరి 23న న్యూయార్కు నగరంలో పుట్టింది. తండ్రి లిథువేనియా నుంచి పన్నెండేళ్ళ వయసులో అమెరికా వచ్చి పళ్ళ డాక్టరైనవాడు. తల్లి పోలండు ప్రాంతం నుంచి పధ్నాలుగేళ్ళ వయసులో వచ్చింది. కొంతకాలం కలిగిన కుటుంబమే. 1929లో స్టాక్ మార్కెట్టు కూలినప్పుడు తండ్రి పెట్టిందంతా పోయింది. ఈమె చదువులో చురుకు, పదిహేనేళ్ళకే హైస్కూలు ముగించింది. సరిగ్గా ఆ ఏడే ఆమెకు ప్రాణమైన తాతగారు కడుపులో కాన్సరుతో నరకయాతనపడి పోయారు. ఆ చావు చూశాక కెమిస్ట్రీ చదవాలని నిర్ణయించుకుంది. ఫీజు లేని హంటర్ కళాశాల ఆడపిల్లలకు ఉండబట్టి గాని, లేకపోతే ఆ చదువు కూడా అందేది కాదు. 1937లో చాలా ఉన్నత శ్రేణిలో పాసయింది.

అక్కడి నుంచీ మొదలయినాయి తిప్పలు. పై చదువుకు ఉపకారవేతనం కోసం పదిహేను చోట్లకు దరఖాస్తు పెట్టింది, పదిహేను చోట్లా లేదన్నారు. ఉద్యోగాల ఇంటర్వ్యూలలో ఒక చోట, ఆడపిల్ల లాబరేటరీలో ఉంటే మగవాళ్ళ ధ్యాస చెడుతుందని పంపేశారు. చివరకు టైపు, షార్ట్‌హాండు నేర్చుకునే స్కూల్లో చేరి, ఆరు వారాల తర్వాత నర్సులకు బయోకెమిస్ట్రీ చెప్పే మూడు నెలల పని దొరికితే అది వదిలేసింది. ఆ పైన ఒక కెమిస్టు దగ్గర జీతం లేకుండా చేరింది. నేర్చుకోవచ్చు గదా అని. కొన్నాళ్ళకు వారానికి కొద్ది డాలర్లు ఇచ్చారు. అవి కూడబెట్టుకొని న్యూయార్కు యూనివర్శిటీలో యమ్.యస్సీ.లో చేరింది. ఆ క్లాసులో ఆడపిల్ల ఆమె ఒక్కతే. పగలు స్కూళ్ళల్లో పాఠాలు చెప్పడం, రాత్రులు, సెలవు రోజులు లాబరేటరీ. 1941లో డిగ్రీ చేతికొచ్చింది.

ఆ ఏడే ఇంకొక దెబ్బ తగిలింది. పెళ్ళి చేసుకోవలసిన యువకుడు గుండె కవాటాలకు బాక్టీరియా సోకి చనిపోయాడు. పెన్సిలిన్ అప్పటికి సామాన్యులకు అందుబాటులో లేదు. ఇంకో రెండు మూడేళ్ళు ఆగి ఉంటే అది బతికే జబ్బు. ఆమె ఆ తర్వాత పెళ్ళి చేసుకోలేదు. మందు సమయానికి లేకపోతే ఏమవుతుందో పుస్తకాల్లో చదివి తెలుసుకున్న మనిషి కాదన్నమాట.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చి మగవాళ్ళంతా సైన్యంలోకి వెళ్ళడంతో లాబరేటరీల తలుపులు ఆడవాళ్ళకు కొంచెం తెరుచుకున్నాయి. మొదట ఒక సరుకుల కంపెనీలో ఊరగాయల పులుపు కొలవడం, మాయొనైజ్‌లో కలిపే గుడ్డుసొన రంగు చూడడం ఆమె పని. నేర్చుకోవలసింది అయిపోగానే అక్కడి నుంచి బయటపడింది. 1944లో న్యూయార్కు దగ్గర టకాహో అనే ఊళ్ళో బరోస్ వెల్‌కమ్ కంపెనీ లాబరేటరీలో జార్జి హిచింగ్స్ అనే ఆయన దగ్గర అసిస్టెంటుగా చేరింది. జీతం వారానికి 50 డాలర్లు. ఆ తర్వాత ఇంకెక్కడికీ వెళ్ళలేదు.

సాయంత్రాలు బ్రూక్లిన్ పాలిటెక్నిక్‌లో డాక్టరేటుకు చదువుతుండేది. రెండేళ్ళు గడిచాక అక్కడి డీను, ఉద్యోగం మానుకొని పూర్తికాలం చదివితేనే సరి, లేకపోతే కుదరదన్నాడు. ఆమె ఉద్యోగాన్నే ఎంచుకుంది. అదే సంస్థ 1989లో ఆమెకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అప్పటికి నోబెల్ బహుమతి వచ్చి ఏడాదయింది. నవ్వొస్తుంది గాని, మన చుట్టూ కూడా ఇట్లాంటివి లేకపోలేదు.

హిచింగ్స్ ఆలోచన ఏమిటో కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాతి కథ అర్థం కాదు. ఆ రోజుల్లో మందులు కనిపెట్టడమంటే దొరికిన ప్రతి పదార్థాన్నీ ఎలుకలకు ఎక్కించి చూడడమే. ఈయన దారి వేరు. ఏ కణమైనా రెండుగా చీలాలంటే డి.ఎన్.ఏ. కావాలి. డి.ఎన్.ఏ.కి ప్యూరిన్లు, పిరిమిడిన్లు అనే ముడిసరుకులు కావాలి. బాక్టీరియా అయినా, కాన్సరు కణమైనా ఆదరాబాదరాగా పెరుగుతుంది గనుక వాటికి ఈ సరుకు ఎక్కువ కావాలి. అచ్చం ఆ సరుకులాగే కనిపించి, లోపల పనికిరాని దాన్ని అందిస్తే? రైతుబిడ్డలకు ఇది చెప్పనక్కరలేదు. తాలు గింజ చూడడానికి గింజే. విత్తనాల్లో కలిసిపోతుంది. మొలకెత్తదు. ఎలియన్‌కు అప్పజెప్పిన పని ప్యూరిన్ల తాలు గింజలు తయారు చెయ్యడం.

1951 నాటికి ఆమె హైపోజాంథీన్ అనే ప్యూరిన్‌లో ఆరవ స్థానంలో ఉన్న ఆక్సిజన్ తీసేసి అక్కడ గంధకం పెట్టింది. ఒక్క పరమాణువు మార్పు. దాని పేరు 6-మెర్కాప్టోప్యూరిన్. అది కాన్సరు పిల్లల దగ్గరకు చేరింది. ఆ రోజుల్లో తీవ్రమైన రక్తకాన్సరు వచ్చిన పిల్లలు నెలల్లోనే పోయేవారు. ఈ మందుతో కొందరు పిల్లలు లేచి ఆడుకున్నారు. 1953లో అమెరికా ప్రభుత్వం అనుమతించింది. కాని ఏడాది తిరక్కుండానే చాలామందికి జబ్బు మళ్ళీ వచ్చేది. ఆ పిల్లల సంగతులు వింటూ ఆమె కుమిలిపోయిందట. తర్వాతి కాలంలో ఇతర మందులతో కలిపి వాడడం నేర్చుకున్నాక గాని ఎక్కువమంది పిల్లలకు పూర్తిగా నయం కాలేదు.

ఇక్కడ మన తెలుగువాడిని తలుచుకోకపోతే తప్పు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఆ 1940లలోనే హడ్సన్ నదికి అవతలి వైపున, పెర్ల్ రివర్ అనే ఊళ్ళో లెడర్లే లాబరేటరీలో పరిశోధన నడిపిస్తున్నారు. ఫోలిక్ ఆమ్లానికి తాలు గింజలాంటి అమినోప్టెరిన్ ఆయన బృందం తయారుచేసిందే. దానితోనే 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సరు పిల్లల్లో మొదటిసారి తాత్కాలికంగానైనా జబ్బు తగ్గడం చూపించాడు. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు. ఆయన గురించి మన సంచికల్లో చాలా వ్యాసాలు వచ్చాయి గనుక ఇంతటితో ఆపుతున్నాను.

ఇక కిడ్నీ సంగతి. 1954 డిసెంబరు 23న బోస్టన్‌లో జోసెఫ్ మర్రే అనే సర్జను ఒక కవల సోదరుని కిడ్నీ తీసి ఇంకొక సోదరునికి పెట్టాడు. అది పనిచేసింది, రోగి ఎనిమిదేళ్ళు బతికాడు. ఎందుకంటే వాళ్ళిద్దరూ ఒకే పిండం చీలి పుట్టిన కవలలు, శరీరం పరాయిదనుకోలేదు. మరి కవలలు లేనివాళ్ళ గతి? ఒళ్ళంతటికీ ఎక్స్‌రే కిరణాలు పట్టించి రోగనిరోధక శక్తిని చంపివేసి, తర్వాత కిడ్నీ పెట్టి చూశారు. ఎక్కడో ఒకరిద్దరు తప్ప ఆ రోగుల్లో ఎక్కువమంది ఇన్‌ఫెక్షన్లతో చనిపోయారు. ఎలుకలున్నాయని ఇంటికే నిప్పు పెట్టినట్టయింది.

1958లో బోస్టన్‌లోనే రాబర్ట్ ష్వార్జ్, విలియం డామషెక్ అనే డాక్టర్లు కుందేళ్ళకు 6-మెర్కాప్టోప్యూరిన్ ఇచ్చి చూస్తే, బయటి ప్రొటీను ఎక్కించినా వాటి శరీరం ఎదురుతిరగలేదు. పరాయిదాన్ని చూసినప్పుడు రక్తంలోని లింఫోసైట్లు గబగబా చీలి సైన్యమవుతాయి. చీలాలంటే ప్యూరిన్ కావాలి గదా, దొరికింది తాలు గింజ. ఇది చదివిన లండను యువ సర్జను రాయ్ కాన్ 1960లో కుక్కలకు కిడ్నీ మార్చి ఈ మందు వేశాడు. మందు లేని కుక్కలకంటె ఎక్కువ కాలం బతికాయి. ఆయన ఆ ఏడే మర్రే దగ్గర పనిచెయ్యడానికి బోస్టన్ వెళ్తూ, దారిలో టకాహోలో దిగి హిచింగ్స్‌నూ, ఎలియన్‌నూ కలిసి ఇంకా మంచివి ఏమైనా ఉన్నాయా అని అడిగాడు. వాళ్ళు ఇచ్చినవాటిలో ఒకటి అజాథయోప్రిన్.

ఇది 6-మెర్కాప్టోప్యూరినే, కాకపోతే గంధకం మీద ఒక మూత బిగించారు. శరీరంలోకి వెళ్ళాక ఆ మూత నెమ్మదిగా ఊడి అసలు మందు బయటపడుతుంది. లాలీపాప్ అని పేరు పెట్టిన ఒక కుక్క ఈ మందుతో వేరే కుక్క కిడ్నీ పెట్టుకొని నెలల తరబడి హాయిగా తిరిగింది. 1962 ఏప్రిల్‌లో మర్రే బోస్టన్‌లో చనిపోయిన ఒకరి కిడ్నీని, ఏ చుట్టరికమూ లేని ఒక యువకునికి పెట్టి అజాథయోప్రిన్ వేశాడు. అతడు ఏడాది దాటి బతికాడు. ప్రపంచంలో అట్లాంటిది అదే మొదలు. ఆ వెంటనే డెన్వర్‌లో థామస్ స్టార్జిల్ దీనికి ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ జతచేసి ఫలితాలను ఇంకా మెరుగుపరిచాడు. ఈ రెండు మందుల జోడీయే తర్వాత ఇరవై ఏళ్ళు ప్రపంచమంతటా కిడ్నీ మార్పిడికి ఆధారమయింది. మన దేశంలో 1971లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో తొలిసారి మార్చిన కిడ్నీ విజయవంతంగా నిలిచిందంటే అది కూడా ఆ కాలపు మాటే.

ఇంతవరకు అందరూ చెప్పే కథ. ఇప్పుడు రెండో సంగతికి వస్తాను.

డెన్వర్ డాక్టర్లే 1964లో ఒక కొత్త జబ్బును వర్ణించి దానికి మార్పిడి న్యుమోనియా అని పేరు పెట్టారు. కిడ్నీ చక్కగా మూత్రం పోస్తూంటుంది, రోగికి మాత్రం జ్వరం, పొడి దగ్గు, ఆయాసం. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తులూ పొగమంచు కమ్మినట్టు తెల్లగా ఉంటాయి. చనిపోయినవారి ఊపిరితిత్తులను కోసి చూస్తే న్యూమోసిస్టిస్ అనే సూక్ష్మజీవి, సైటోమెగలో అనే వైరసు కనిపించాయి. ఇవి ఆరోగ్యవంతులను ఏమీ చెయ్యవు. మనలో చాలామంది ఒంట్లో ఈ వైరసు చడీచప్పుడు లేకుండా పడి ఉంటుంది. కాపలావాడిని నిద్రపుచ్చాం గనుక లేచి కూర్చుంది.

కిడ్నీని చూసి ఊరుకోమని లింఫోసైట్లకు చెప్పగలం గాని, కిడ్నీని వదిలి తక్కినవాటిని మాత్రం పట్టుకోమని చెప్పలేం. చిక్కంతా అక్కడ ఉంది. కాపలా మొత్తంగా తగ్గుతుంది. ఆ తగ్గడం ముందుగా తెలిసేది ఊపిరితిత్తుల్లోనే, ఎందుకంటే లోపలి అవయవాల్లో బయటి గాలి తగిలేది వాటికే. మొదటి నెలలో ఆసుపత్రిలో అంటుకునే బాక్టీరియా, ఆ తర్వాత ఆరో నెల దాకా న్యూమోసిస్టిస్, సైటోమెగలో, బూజు జాతులు, అటుపైన అందరికీ వచ్చే న్యుమోనియాలే కాని ఇంకా గట్టిగా. మన దేశంలో వీటికి తోడు క్షయ ఒకటి. కొత్త కిడ్నీ పనిచెయ్యక ఒంట్లో నీరు నిలిచినా, గుండె అలిసినా ఊపిరితిత్తులు నీళ్ళతో నిండి అచ్చం అట్లాగే ఆయాసం వస్తుంది. ఒకదానికి మందు ఇస్తే రెండోదానికి కీడు. అందుకే ఇంటెన్సివ్ కేర్‌లో డాక్టర్లు ముందు ఇది ఏది అని తేల్చుకోవడానికే సగం యుద్ధం చేస్తారు. గొట్టం దింపి ఊపిరితిత్తిని ఉప్పునీటితో కడిగి ఆ నీటిలో వెతుకుతారు.

ఇంటెన్సివ్ కేర్ అనే ఆ గది కూడా ఎలియన్ కాలంలో పుట్టిందే. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో వచ్చి వందలమందికి ఊపిరి ఆగిపోతుంటే, బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు గొంతులో గొట్టం పెట్టి రబ్బరు సంచి నొక్కి గాలి పంపే పద్ధతి పెట్టాడు. అంతమందికి యంత్రాలు లేవు. సుమారు 1500 మంది విద్యార్థులు వంతులు వేసుకొని రాత్రింబగళ్ళు ఆ సంచులు నొక్కారు. మనబోటి కాలేజీ పిల్లలే, ఈ మాట కథకు పక్కదే అయినా చెప్పాలనిపించింది.

కిడ్నీ మార్చుకొని ఊపిరి అందక ఆ గదిలోకి వెళ్ళినవారిలో ఎందరు తిరిగి వస్తారు? ఫ్రాన్సు దేశపు డాక్టర్లు తొమ్మిది కేంద్రాల లెక్కలు తీసి 2011లో ప్రచురించారు. 2000 నుంచి 2008 వరకు కిడ్నీ మార్పిడి అయిన 6819 మందిలో 200 మంది ఊపిరి అందని స్థితిలో ఇంటెన్సివ్ కేర్‌కు వెళ్ళారు. మూడోవంతు పైగా బాక్టీరియా న్యుమోనియా, పావువంతు గుండె వల్ల చేరిన నీరు, వందకు 11 మందికి పైగా ఆ న్యూమోసిస్టిస్. తొంభై రోజులకు 45 మంది చనిపోయారు. మిగిలిన 155 మందిలో 115 మందికి డయాలిసిస్ అక్కరలేదు. వారిలోనూ కిడ్నీ మునుపటిలా పనిచేసినది 75 మందికే. అంటే ప్రాణంతో బయటపడినవారిలో సగం మందికి పైగా కిడ్నీలో కొంతో, మొత్తమో పోగొట్టుకునే వచ్చారు.

ఈ అంకెలు నాకు కంఠతా రావడానికి కారణముంది. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కొబ్బరి, జీడిమామిడి తోటలెంత పేరుపడ్డవో, కారణం తేలని కిడ్నీ జబ్బుకూ మా ప్రాంతం అంతే పేరుపడింది. మా మేనమామకు నలభై దాటకుండానే రెండు కిడ్నీలూ పోతే, మా అమ్మ తన కిడ్నీ ఒకటి ఇచ్చింది. ఏడాదయ్యాక ఖర్చు భరించలేక ఆయనను అజాథయోప్రిన్ మీదికి మార్చారు. 2022లో, నేను ఇంటర్ చదివే రోజుల్లో, ఆయనకు నాలుగు రోజుల పొడి దగ్గు ఆయాసంలోకి దిగి విశాఖపట్నంలో వెంటిలేటరు మీద పెట్టారు. న్యూమోసిస్టిస్ అన్నారు. ఆ రాత్రి డాక్టరుగారు బయటకు వచ్చి, కిడ్నీని కాపాడే మాత్ర ఆపేస్తున్నాము, ఆపకపోతే ఊపిరితిత్తులు తేరుకోవు, ఆపితే కిడ్నీ దెబ్బతినవచ్చు అని చెప్పి సంతకం అడిగారు. అత్త పెన్ను పట్టుకొని మా అమ్మ వంక చూసింది. ఇచ్చిన కిడ్నీ అమ్మది మరి. అమ్మ, తమ్ముడు బతికితే చాలు, అది పోతే పోనిమ్మంది. చెప్పినంతసేపు నడుం పక్క, ఆపరేషను గీత ఉన్నచోట, చెయ్యి తియ్యలేదు. పంతొమ్మిది రోజులకు మామయ్య ఇంటికొచ్చాడు. కిడ్నీ ఉంది, క్రియాటినిన్ మునుపటికంటె ఎక్కువ. ఫ్రాన్సు లెక్కలో చెప్పాలంటే 115లో ఉన్నాడు, 75లో లేడు.

ఆ పంతొమ్మిది రోజులూ ఆయనకు నరంలోకి ఎక్కించిన మందు ట్రైమెథోప్రిమ్, సల్ఫామెథాక్సజోల్ అనే రెండు మందుల కలయిక. పేరు పెద్దదిగా ఉంది గాని అది మనకందరికీ తెలిసిన సెప్ట్రానే. విరేచనాలకనీ, చీముకనీ ఊళ్ళల్లో ఎన్నో ఏళ్ళుగా ఇస్తున్న తెల్ల మాత్ర. ఆ ట్రైమెథోప్రిమ్ ఎక్కడ పుట్టిందో వెతికితే మళ్ళీ టకాహో లాబరేటరీయే తేలింది! దానిలో ముఖ్యమైన పని ఎలియన్‌ది కాదు, పిరిమిడిన్ల వైపు పనిచేసిన హిచింగ్స్‌ది, బార్బరా రాత్ అనే ఇంకొక కెమిస్టుది. కాని ఆలోచన ఒక్కటే. మనుషుల్లోనూ, సూక్ష్మజీవుల్లోనూ ఫోలిక్ ఆమ్లాన్ని వాడే ఎంజైము ఒకటుంది. పని ఒకటే, ఆకారంలో కొద్ది తేడా. ఆ తేడాను పట్టుకొని సూక్ష్మజీవి ఎంజైముకు మాత్రమే బిగిసేలా తాలు గింజ చెక్కారు. 1970లలో మెంఫిస్‌లోని పిల్లల కాన్సరు ఆసుపత్రిలో వాల్టర్ హ్యూస్ ఇది న్యూమోసిస్టిస్‌ను తగ్గిస్తుందనీ, ముందుగానే ఇస్తే అసలు రానివ్వదనీ చూపించాడు. అప్పటి నుంచి కిడ్నీ మార్చినవారికి మొదటి నెలలు ఈ మాత్ర తప్పనిసరి. తలుపు తెరిచిన ఇంటివాళ్ళే తాళమూ ఇచ్చారనాలి.

ఇంకొక తాళం ఎలియన్ స్వయంగా చేసింది. 1967లో ఆమె ఒక విభాగానికి అధిపతి అయింది, 1970లో కంపెనీ లాబరేటరీని నార్త్ కరోలినాకు మార్చింది. ఆ రోజుల్లో వైరసును చంపే మందు కణాన్ని కూడా చంపక తప్పదని పెద్దల నమ్మకం. హోవార్డ్ షేఫర్ అనే సహచరుడు తయారుచేసిన ఎసైక్లోవిర్ అనే పదార్థం హెర్పిస్ వైరసును ఆపుతున్నది, మామూలు కణాల జోలికి పోవడం లేదు. ఎందుకని? ఆమె బృందం ఏళ్ళ తరబడి శ్రమించి జవాబు పట్టుకొంది. మందు మామూలు కణంలో నిద్రపోతూంటుంది. వైరసు తన పని కోసం తెచ్చుకున్న ఎంజైమే దాన్ని లేపుతుంది. దొంగ తన చేత్తో తానే సంకెల వేసుకున్నట్టు. 1978లో ఈ సంగతి లోకానికి ప్రకటించారు. కిడ్నీ మార్చినవారికి హెర్పిస్ ప్రాణాంతకం కాకుండా పోయింది. సైటోమెగలో వైరసు మీద దీని బలం తక్కువ, దానికి ఇదే తరహాలో మరొకరు తయారుచేసిన గాన్సైక్లోవిర్ 1989లో అనుమతి పొందింది.

ఎక్స్‌రే నుంచి ఎసైక్లోవిర్ దాకా ఒక వరుసలో పెట్టి చూడండి. మొదటిది ఒళ్ళంతా కాల్చింది. అజాథయోప్రిన్ చీలే కణాలను మాత్రం పట్టుకొంది, వాటిలో మంచిచెడు చూడలేదు. ట్రైమెథోప్రిమ్ సూక్ష్మజీవిని వేరు చేసింది. ఎసైక్లోవిర్ వైరసు దూరిన కణాన్ని మాత్రం వెతికి పట్టుకొంది. మా పొలాల్లో కలుపుమందులు కూడా ఇట్లాగే, పైరు మాడ్చేవి మొదట వచ్చాయి, పైరును వదిలి కలుపును పట్టేవి తర్వాత వచ్చాయి. ఎలియన్ జీవితమంతా ఈ తేడా వెతకడమే. నా మటుకు నాకు నోబెల్ కన్నా ఇదే పెద్దదిగా కనిపిస్తుంది.

ఆమె మందులు ఒకదానితో ఒకటి ఎట్లా తగువులాడతాయో కూడా చూడాలి. 6-మెర్కాప్టోప్యూరిన్‌ను శరీరంలో ఒక ఎంజైము విరగ్గొట్టి పారేస్తుంది. దాన్ని ఆపితే తక్కువ మందుతో పని జరుగుతుందని అల్లోప్యూరినాల్ తయారుచేశారు. ఆ ఎంజైమే యూరిక్ ఆమ్లాన్ని కూడా తయారుచేస్తుంది గనుక అది కీళ్ళవాతపు మందై కూర్చుంది, 1966లో అనుమతి వచ్చింది. కిడ్నీ మార్చినవారికి కీళ్ళవాతం రావడం మామూలే. అజాథయోప్రిన్ తగ్గించకుండా అల్లోప్యూరినాల్ కూడా ఇస్తే మందు నాలుగింతలు బలమై ఎముకమూలుగను ఎండగడుతుంది. తెల్లకణాలు పడిపోతాయి, మళ్ళీ న్యుమోనియా, మళ్ళీ ఆ గది. అందుకే మందును పావువంతుకు దించమని పుస్తకాలు హెచ్చరిస్తాయి. ఇంట్లో ఎవరైనా ఈ రెండూ వాడుతుంటే డాక్టరుగారిని అడగడం మంచిది.

1980లలో సైక్లోస్పోరిన్, ఆ తర్వాత టాక్రోలిమస్, మైకోఫినోలేట్ వచ్చి అజాథయోప్రిన్‌ను వెనక్కు నెట్టాయి. చాలా దేశాల్లో ఇప్పుడు అది మొదటి మందు కాదు. ఖర్చు చూసుకునేచోటా, కడుపుతో ఉన్న తల్లులకూ ఇంకా ఇస్తారు, మైకోఫినోలేట్ గర్భానికి చేటు గనుక.

ఎలియన్ 1983లో రిటైరయింది. 1988లో హిచింగ్స్‌తోనూ, బ్రిటను శాస్త్రజ్ఞుడు జేమ్స్ బ్లాక్‌తోనూ కలిపి వైద్యశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. 45 పేటెంట్ల మీద ఆమె పేరుంది. ఒపేరా సంగీతమంటే ప్రాణం, దూరదేశాలు తిరిగి ఫోటోలు తీసేది. ఆమె మందులతో బతికినవాళ్ళూ, వాళ్ళ తల్లిదండ్రులూ వ్రాసిన ఉత్తరాలను బహుమతికంటె ఎక్కువగా చూసుకునేదని చెబుతారు. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేదు. డ్యూక్ విశ్వవిద్యాలయంలో వైద్య విద్యార్థులను ఏడాదికొకరిని పక్కన పెట్టుకొని పరిశోధన నేర్పింది. నోబెల్ వచ్చినప్పుడు కంపెనీ ఆమె కోరిన ధర్మకార్యానికి కొంత సొమ్ము ఇస్తానంటే, దాన్ని తాను ఫీజు లేకుండా చదివిన హంటర్ కళాశాలకే ఇప్పించింది, కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ చదివే ఆడపిల్లలకు ఉపకారవేతనాలుగా. 1999 ఫిబ్రవరి 21న నార్త్ కరోలినాలోని చాపెల్ హిల్‌లో చనిపోయింది. అప్పటికి ఆమె వయస్సు 81.